పహణిలో లేని దారి

పలమనేరు వెనకబడింది. అర్ధరాత్రి దాటింది. నీ చేతిలో బొలేరో పికప్ స్టీరింగు, వెనక వంద బాక్సుల టమాటా. పక్క సీట్లో మీ పిన్నమ్మ కొడుకు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. సాయంత్రం మిట్టేమరిలో లోడు ఎత్తుకుని బయల్దేరారు. చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, నంగిలి దాటి ఆంధ్రాలోకి వచ్చారు. తెల్లారకముందే చెన్నై కోయంబేడు మార్కెట్టులో సరుకు దించాలి. ఆలస్యమైతే వాళ్ళు చెప్పిందే రేటు.

అందుకే కాలు యాక్సిలరేటరు మీది నుంచి లేవడం లేదు. ముల్లు 80 దగ్గర నిలబడి ఉంది.

రోడ్డు బాగుంది. నాలుగు వరసలు, నడుమ డివైడరు. ఇటూ అటూ కౌండిన్య అడవి. పగటిపూట చూస్తే ఇది నీకు అడవిగానే అనిపించదు. రాళ్ళగుట్టలు, కంపచెట్లు, అక్కడక్కడా వెదురు. మీ మిట్టేమరి గుట్టల కంటే నాలుగు చెట్లు ఎక్కువ, అంతే. ఏనుగు బొమ్మ వేసిన పసుపు బోర్డు ఒకటి లైట్ల వెలుగులో మెరిసి వెనక్కి పోతుంది. ఈ దారిలో ఎప్పుడొచ్చినా చూసేది ఆ బొమ్మనే. అసలు ఏనుగు ఎన్నడూ కంటబడలేదు.

అద్దం దించే ఉంది. గాలి మారింది. నలిగిన ఆకు పసరు, పచ్చి పేడ. ఈ వేళప్పుడు ఇక్కడ పశువులను ఎవరు తోలతారు?

ముందు రోడ్డు మీద ఒకచోట చీకటి చిక్కగా ఉంది.

అది కదులుతోంది.

బ్రేకు తొక్కుతావు. టైర్లు అరుస్తాయి. బాక్సులు జరిగి క్యాబిన్‌ను గుద్దుతాయి. 80 మీద పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. లో బీములో నీకు కనబడేది యాభై, అరవై మీటర్లు. చూడాలి, కాలు మార్చాలి, తొక్కాలి, బండి నిలబడాలి. అన్నింటికీ కలిపి మూడు సెకన్లు లేవు. లారీకైతే వెనక రిఫ్లెక్టరు మెరుస్తుంది. బర్రెకైతే కళ్ళు మెరుస్తాయి. దీని ఒంటిమీద మెరిసేది ఏదీ లేదు. బూడిదరంగు తోలు వెలుగునంతా తాగేస్తుంది.

బండి ఆగింది. దానికీ నీకూ నడుమ ఇరవై అడుగులు.

"అన్నా!" తమ్ముడు లేచి కూచున్నాడు. "హారన్ కొట్టన్నా, హారన్ కొట్టు!" వాడి చెయ్యి స్టీరింగు మీదికి వస్తోంది. గట్టిగా పట్టుకుంటావు.

ఒకటి కాదు. పెద్దవి నాలుగు. నాలుగో దాని కాళ్ళ నడుమ ఒక పిల్ల.

ఏం చేస్తావు? హైబీమ్ కొడితే కళ్ళు చెదిరి రోడ్డు నడుమే నిలబడిపోతాయి. హారన్ కొడితే పిల్ల ఒక పక్కకు, తల్లి ఒక పక్కకు చెదురుతాయి. పిల్లకు దూరమైన తల్లి ముందుకు పరిగెత్తదు, నీ మీదికి వస్తుంది. దిగి పరిగెత్తుదామా? దాని పరుగుకు నువ్వు చాలవు. హెడ్‌లైట్లు ఆర్పేస్తావు. పార్కింగ్ లైట్లు మాత్రం ఉంచుతావు. ఇంజన్ ఆపవు. క్లచ్ మీద కాలు వణుకుతోంది.

ముందున్నది తొండం ఎత్తింది. తొండం కొస అటూ ఇటూ తిరిగి నీ వైపు ఆగింది. అప్పుడు నీకు తడుతుంది. వెనక ఉన్నది టమాటా. పండిన టమాటా. ఒకటిన్నర టన్ను.

అద్దంలో వెలుగు.

వెనక లారీ. దూరంగా ఉంది. దగ్గరికి వస్తోంది. వేగం తగ్గడం లేదు. పార్కింగ్ లైట్లతో నిలబడిన నీ బండి వాడికి కనబడుతుందా? నాలుగు ఇండికేటర్లూ వేస్తే కనబడుతుంది. కానీ ఆ మిణుకుమిణుకుకు ఇవి బెదిరితే?

వేస్తావు.

టిక్. టిక్. టిక్. పసుపు వెలుగు ఏనుగు పక్కటెముకల మీద పడుతోంది, ఆరుతోంది. చెవులు విప్పింది.

తమ్ముడు కిటికీలోంచి చెయ్యి వెనక్కి చాచి ఫోన్ టార్చి ఊపుతున్నాడు. దిగొద్దని మోకాలితో అదుముతావు.

లారీ గాలి బ్రేకులు బుస్సుమంటాయి. ఆగింది. నీ బండి వెనక పది గజాల్లో.

ఇప్పుడు వెనక్కి పోయే దారి కూడా లేదు.

తల్లి డివైడరు ఎక్కి దిగింది. పిల్ల ఎక్కలేకపోతోంది. ముందుకాళ్ళు పైకి వేస్తుంది, జారుతుంది. మళ్ళీ వేస్తుంది. తల్లి మళ్ళీ ఇవతలికి దిగి నీ వైపు చూస్తోంది. ఒక అడుగు. రెండు. మూడు. నీ బోనెట్ ముందు ఒక కాలు. ఆ కాలు బోనెట్ కంటే ఎత్తు.

ఊపిరి బిగబడతావు.

ఇంకో ముసలి ఏనుగు పిల్ల వెనక చేరి నుదుటితో నెట్టింది. పిల్ల అవతల పడింది. తల్లి నిలబడే ఉంది. తర్వాత తిరిగింది. చెట్లు విరిగిన చప్పుడు. కాసేపటికి అదీ లేదు.

లారీ డ్రైవరు దిగి వచ్చి నీ కిటికీ దగ్గర నిలబడతాడు. నోట మాట లేదు. బీడీ ముట్టించబోతే అగ్గిపుల్ల వెలగదు, ఇంకోటి గీస్తాడు.

అడవిలోంచి టార్చి వెలుగు. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు, ఒళ్ళంతా చెమట. ఫారెస్టు ట్రాకరు. గుంపు ఎటు పోతే అటు పోయి, ఊళ్ళకు ముందే ఫోన్ చేసి చెప్పడం ఈయన పని.

"లైటు తగ్గించినావు. మంచిపని చేసినావు నైనా," అంటాడు. "2023 జూన్‌లో ఇదే రోడ్డు మీద, భూతలబండ కాడ, రాత్రిపూటే. అదీ కూరగాయల బండే. ఒక్క దెబ్బకు మూడు ఏనుగులు పోయినాయి."

నీకు ఊరికే అనిపిస్తుంది: ఇంత అడవి పెట్టుకుని ఇవి రోడ్డు మీదికి ఎందుకు వస్తాయి? అడుగుతావు కూడా.

ఆయన టార్చి ఎడమవైపు వేస్తాడు. "ఈ పక్క మేత." కుడివైపు వేస్తాడు. "ఆ పక్క నీళ్ళు. నువ్వయినా నీ ఇంట్లో వంటగది నుంచి బావికాడికి పోవా?"

ఆయన తాత కాలంలో ఇక్కడ ఏనుగు అన్న మాటే లేదట. ఆ మాట నిజమే. చిత్తూరు జిల్లాలో దాదాపు రెండువందల ఏళ్ళు అడవి ఏనుగు కనబడలేదు. 1980ల్లో కరువు, అడవుల నరికివేత తోడై హోసూరు వైపు నుంచి, కర్ణాటక వైపు నుంచి గుంపులు కుప్పం మీదుగా నడుచుకుంటూ వచ్చాయి. వచ్చినవి తిరిగి పోలేదు. వాటి కోసం 1990లో ఈ కౌండిన్యను అభయారణ్యం చేశారు. కాగితం మీద సుమారు 357 చదరపు కిలోమీటర్లు. పటంలో చూస్తే అది ముద్దగా ఉండదు. చీలికలు చీలికలుగా, నడుమ ఊళ్ళు, మామిడితోటలు, టమాటా, చెరకు. రోజుకు నూటయాభై కిలోల మేత కావలసిన జీవి ఈ చీలికలో తిని ఆ చీలికకు పోవాలంటే ఎవరో ఒకరి పొలం తొక్కకుండా కుదరదు.

"ఇప్పుడు ఇంకో రోడ్డు కూడా," అంటాడు ట్రాకరు దక్షిణం వైపు చెయ్యి చూపిస్తూ. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే. హొసకోట నుంచి శ్రీపెరంబుదూరు దాకా 262 కిలోమీటర్లు, మనిషి కూడా అడ్డం దాటడానికి లేని రోడ్డు. అది కూడా వి.కోట, బైరెడ్డిపల్లె, పలమనేరు మీదుగానే పోతుంది.

వాచీ చూసుకుంటావు. కోయంబేడు మార్కెట్టు నీ కోసం ఆగదు. బండి ముందుకు పోనిస్తావు. ఈసారి ముల్లు 40 దాటదు.

*

సరుకు దించి తిరిగి వస్తూ పలమనేరు దగ్గర మీ మేనమామ ఊళ్ళో ఆగుతావు. మామ తిండి పెట్టి ఊరుకోడు. "రా అల్లుడా, రాత్రికి మంచె మీద పడుకుందాం," అంటాడు. పడుకోవడం అంటే పడుకోవడం కాదని నీకు ఎక్కాక తెలుస్తుంది.

మంచె మీది నుంచి పొలం చివర కందకం కనబడుతోంది. నిలువెత్తు లోతు. మంచి ఉపాయమే, మట్టి ఉన్నంత మేర. బండ తగిలినచోట తవ్వకం ఆగిపోయింది. వంక అడ్డొచ్చినచోట మొదటి వానకే గట్టు కూలింది. ఏనుగులకు ఆ రెండు చోట్లూ మామ కంటే బాగా తెలుసు. కందకానికి ఇవతల సోలార్ కంచె. తీగలో సెకనుకు ఒక దెబ్బ చొప్పున కరెంటు కొడుతుంది. నొప్పి పుడుతుంది, ప్రాణం పోదు. ఏనుగు కొన్నాళ్ళు భయపడింది. తర్వాత దంతానికి షాకు తగలదని కనిపెట్టింది. దంతంతో తీగ ఎత్తి తెంపుతుంది. దంతం లేనిది చెట్టు విరిచి తీగ మీద పడేస్తుంది.

"మరి కుంకీలు వచ్చినాయి కద మామా?"

"వచ్చినాయి." 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రాకు ఇచ్చిన శిక్షణ పొందిన ఏనుగులు ఇక్కడికి దగ్గర్లోనే, ముసలిమడుగు క్యాంపులో ఉన్నాయి. "అవి తరుముతాయి. మంచిదే. యాడికి తరమాల? ఈ ఊరి నుంచి తరిమితే పక్కూరికి, పక్కూరి నుంచి తరిమితే మళ్ళీ మాకు."

ఈ ప్రశ్నకు నీ దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే చాలామంది అధికారుల దగ్గర కూడా లేదు.

రాత్రి రెండు దాటాక ఒంటికి పోవాలనిపించి మంచె దిగుతావు. గట్టు వెంబడి నడుస్తావు. పక్క పొలం వేరుశనగ. మంచు పడి చెప్పులు తడిసి జారుతున్నాయి. టార్చి ఎందుకులే, వెన్నెల ఉంది కదా అనుకుంటావు.

"కదలొద్దు!"

మామ గొంతు.

కాలు గాల్లో ఆపుతావు.

"కిందికి చూడు. కదలొద్దు."

ఏమీ లేదు. గడ్డి. ఒక కట్టెముక్క. కట్టెముక్కకు ఏదో చుట్టి ఉంది. సన్నటి తీగ. మోకాలి ఎత్తున. నీ లుంగీ అంచుకు బెత్తెడు దూరం.

తొడుగు లేని తీగ. కరెంటు స్తంభం నుంచి కొక్కెం వేసి లాగింది.

సోలార్ కాదు. ఇళ్ళకు వచ్చే 230 వోల్టులు. ఇది కొట్టి వదలదు. పట్టుకుంటుంది.

కాలు వెనక్కి. మెల్లగా. చెప్పు జారుతోంది. చెప్పు వదిలేస్తావు. ఇంకో అడుగు. ఇంకొకటి.

మామ భుజం పట్టి లాగుతాడు. ఇద్దరూ గట్టు మీద కూలబడతారు.

తెల్లారాక తీగ పెట్టిన మనిషి వస్తాడు. మామకు వరసకు తమ్ముడే. ముఖం ఎత్తడు. "పందుల కోసం పెట్టినా సామీ," అంటాడు. ఆ తీగకు పంది, ఏనుగు, మనిషి అని తేడా తెలియదు. కౌండిన్యలో చచ్చిన ఏనుగుల్లో ఇట్లాంటి తీగలకు బలైనవి ఎన్నో. ఏనుగు చస్తే మూడేళ్ళకు తక్కువ కాని జైలు. అది ఆయనకూ తెలుసు. విత్తనాలకు తెచ్చిన అప్పు, రెండుసార్లు తొక్కిపోయిన పైరు, ఇంకా రాని నష్టపరిహారం కూడా ఆయనకు తెలుసు. నిన్ను చంపబోయిన మనిషి మీద నీకు కోపం రావాలి. వస్తుంది కూడా. కానీ కోపం మొత్తం ఆయన మీద నిలవదు.

ఎందుకంటే మామ ఇంకో మాట చెప్తాడు. "ముందు ఈ పొలంలోకి వచ్చేవి కావురా. అదిగో, ఆ వంక వెంబడే దిగి చెరువుకు పోయేవి. మొన్న వంక పక్క తోట ఎవరో కొని ప్లాట్లు వేసి, చుట్టూ కాంపౌండు కట్టినారు. గోడ కాడికి వచ్చి ఆగి, ఇట్లా తిరుక్కున్నాయి."

లేచి వెళ్ళి చూస్తావు. తెల్లటి గోడ. గేటు మీద తోరణం. గోడ పునాది దగ్గర మట్టిలో పళ్ళెమంత అడుగులు, గోడ దాకా వచ్చి, గోడ వెంబడే పక్కకు తిరిగి, వేరుశనగ పొలం వైపు. అమ్మినవాడు తన భూమే అమ్మాడు. కొన్నవాడు చట్టప్రకారమే కొన్నాడు. ప్లాను పాస్ చేసినవాడు ఉన్న రూల్స్ అన్నీ చూశాడు. తీగ మాత్రం ఇంకొకడు పెట్టుకోవలసి వచ్చింది.

*

మిట్టేమరి. మధ్యాహ్నం. ఇంటి ముందు బెంగళూరు నంబరు కారు ఆగి ఉంది. లోపల బ్రోకరు కాఫీ తాగుతున్నాడు. మీ నాయన మంచం మీద, మీ అన్న గడప మీద. నువ్వు వస్తూనే అందరూ నీ వైపు చూస్తారు.

గుట్ట కింద మూడెకరాలు. మీ ముగ్గురి పేరా ఉంది. బోరు ఎండిపోయి రెండేళ్ళుగా బీడు. బ్రోకరు ఎకరానికి రేటు చెప్తాడు. నీ గొంతు తడారిపోతుంది. టమాటాతో నీ జన్మలో అంత చూడవు.

ఇది ఇప్పుడు మీ తాలూకా బాగేపల్లి చుట్టూ జరుగుతున్నదే. 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు రెండు గంటల దూరం కూడా లేదు. ఒకప్పుడు కర్ణాటకలో రైతు కానివాడు, పెద్ద ఆదాయం ఉన్నవాడు సాగుభూమి కొనడానికి భూసంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లు అడ్డు. 2020లో ఆ రెండింటినీ తీసేశారు. అప్పటి నుంచి గుట్ట కింది బీడుకు కూడా గిరాకీ వచ్చింది. పావు ఎకరం, అర ఎకరం ముక్కలు చేసి, మామిడి మొక్కలు నాటి, ఫార్మ్ ప్లాట్లు అని అమ్ముతారు. అమ్ముకునే రైతును తప్పుపట్టే హక్కు, ఎండిన బోరు చూడనివాడికి లేదు.

"మొత్తం చుట్టూ మెష్ కంచె వేస్తామప్పా, ఏడడుగులు. లోపల సేఫ్టీ ఉంటేనే కద సిటీవాళ్ళు కొనేది," అంటాడు బ్రోకరు.

ఆ మాటకు నీకు తెల్లగోడ కనబడుతుంది.

మీ గుట్ట మీద ఏనుగుల్లేవు. పందులున్నాయి. నెమళ్ళున్నాయి. చిరుత ఉందని గొర్రెలు పోయినప్పుడల్లా అందరూ అంటారు. ఎండాకాలం గుట్ట మీది దొనల్లో నీళ్ళు ఇంకిపోగానే అవన్నీ చెరువుకు దిగేది మీ పొలం గట్టు మీదే. చిన్నప్పుడు పొద్దున్నే ఆ గట్టు మీద అడుగులు చూసి ఏది పోయిందో చెప్పడం నీకూ మీ అన్నకూ ఆట. ఇప్పుడు గట్టుకు అడ్డంగా ఏడడుగుల కంచె పడితే అవి దాహంతో చావవు. తిరుక్కుంటాయి. ఎటు? కంచె పక్కన మీ చిన్నాయన టమాటా. దాని పక్కన ఎస్సీ కాలనీ, గొర్రెల దొడ్లు.

"ఒక్క రోజు టైము ఇయ్యి," అంటావు. బ్రోకరు నవ్వుతాడు. మీ అన్న నవ్వడు.

బాగేపల్లిలో తహశీల్దారు ఆఫీసు. మీ మూడెకరాల పహణి తీయిస్తావు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఖరాబు ఎంత, యజమాని ఎవరు, పంట ఏది, బ్యాంకు అప్పు ఎంత. అన్నింటికీ ఒక గడి ఉంది. గ్రామ నక్షా అడుగుతావు. పాత నక్షాలో బండిదారి చుక్కల గీతగా ఉంది. కాలిదారి ఉంది. వాగు ఉంది, చెరువు ఉంది. ఎవరైనా ఆ బండిదారిని దున్నేస్తే ఈ నక్షా పట్టుకునే జనం ఇక్కడికొచ్చి కొట్లాడతారు, గెలుస్తారు కూడా. ఆ గీత గీసి ఉండబట్టే. గట్టు మీది దారికి గీత లేదు. భూమిని ప్లాట్లుగా మార్చాలంటే జిల్లా డిప్యూటీ కమిషనరు (డీసీ) దగ్గరికి భూరెవెన్యూ చట్టం 95వ సెక్షను కింద ఫైలు పోతుంది. రెవెన్యూ, ప్లానింగు, కరెంటు, తలా ఒక ప్రశ్న అడుగుతారు. వాళ్ళకు చూపించే నక్షాలో లేనిదాని గురించి వాళ్ళు ఎట్లా అడుగుతారు? ఇక సాగుభూమిగానే ఉంచి ముక్కలు అమ్మితే ఆ ఫైలు కూడా ఉండదు. కంచె వేసుకునేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

బయట హైవే పక్క టీ కొట్టు. లారీలు ఊపుకుంటూ పోతున్నాయి. ఫోన్ తీసి వెతుకుతావు. ఇదే 44వ నంబరు రోడ్డు, ఉత్తరాన మహారాష్ట్ర–మధ్యప్రదేశ్ సరిహద్దులో, పెంచ్ పులుల అడవిలో. అక్కడ కొన్నిచోట్ల రోడ్డు నేల మీద లేదు. స్తంభాల మీద లేచి ఉంది. జంతువులు కింద నుంచి పోవడానికి 9 చోట్ల దారి వదిలారు. వాటిలో పెద్దది 750 మీటర్లు. కింద కెమెరాలు పెట్టి చూస్తే పులి, రేచుకుక్కలు, జింకలు, పందులు పైన లారీలు పోతుండగానే నడిచిపోతున్నాయి. అది ఊరికే రాలేదు. రోడ్డు పనిని ఏళ్ళ తరబడి కోర్టుల్లో ఆపి సాధించుకున్నది.

ఇంకొకటి చదువుతావు. నీలగిరుల్లో సీగూరు. అక్కడ ఏనుగుల దారిలో ముందు రిసార్టులు లేచాయి. ఆ తర్వాత 2010లో తమిళనాడు ప్రభుత్వం ఆ దారిని నోటిఫై చేసింది. కేసులు. పదేళ్ళకు, 2020 అక్టోబరులో, సుప్రీంకోర్టు ఏనుగుల పక్షాన తీర్పు ఇచ్చింది. కట్టినవాళ్ళు ఖాళీ చెయ్యాలి. గీత ఆలస్యంగా గీస్తే ఎవరికి ఎంత ఖర్చో చూడు. కొళ్ళేగాల దగ్గర ఎడెయారళ్ళి–దొడ్డసంపిగె దారిలో అయితే ఒక సంస్థ రైతుల దగ్గర పాతిక ఎకరాలు డబ్బిచ్చి కొని అటవీశాఖకు అప్పగించింది. నీకు ఇది ఎక్కువ న్యాయంగా కనబడుతుంది. దారి అందరిదీ అయినప్పుడు దాని ఖరీదు గట్టు ఉన్నవాడొక్కడే ఎందుకు కట్టాలి?

2023లో కేంద్రం అచ్చువేసిన లెక్కలో దేశం మొత్తం మీద 150 ఏనుగు దారులున్నాయి. మిట్టేమరి గట్టు అందులో ఉండదు. ఉండాలని కూడా ఎవరూ అనుకోరు. పంది దారి, నెమలి దారి ఢిల్లీలో తేలే లెక్కలు కావు.

మరి ఎక్కడ తేలుతుంది? గ్రామ పంచాయితీ ఆఫీసుకు పోతావు. బీరువాలో ఒక రిజిస్టరు ఉంటుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయితీ ఒక కమిటీ వేసుకోవాలి, జనాన్ని అడిగి ఊరి చెట్టూ చేమా, జీవాలన్నీ ఆ రిజిస్టరులో రాయాలి. పంచాయితీ అభివృద్ధి అధికారి (పీడీఓ) దుమ్ము దులిపి నీ చేతికిస్తాడు. పేజీలు తిప్పుతావు. చెట్ల పేర్లు. మందుమొక్కలు. పక్షులు, జంతువులు. ఏది ఉందో రాసి ఉంది. ఏది ఎటు నడుస్తుందో రాసి లేదు.

"దీంట్లో దారి రాయొచ్చా సార్?"

"రాయొచ్చు. గ్రామసభలో చెప్పు, ఒప్పుకుంటే రాస్తాం. నక్షా మీద గీసి తాలూకాకు కూడా పంపిస్తాం. కానీ," పీడీఓ కళ్ళద్దాలు తీస్తాడు, "దీన్ని చూసి డీసీ ఆఫీసు ప్లాను ఆపుతుందని నేను మాటివ్వలేను. రాసి ఉంటే అడగడానికి ఒక కాగితం ఉంటుంది. అంతవరకే."

*

గ్రామసభ. బడి వరండా. ముందు మంచినీళ్ళ గొడవ, తర్వాత ఉపాధి కూలీ బిల్లులు. నీ వంతు వచ్చేసరికి సగం మంది లేచిపోయారు. బ్రోకరు వేపచెట్టు కింద ఫోన్ చూసుకుంటున్నాడు. మీ అన్న వచ్చాడు, నీ పక్కన కూచోలేదు.

లేస్తావు. అరచేతులు చెమట పట్టాయి. గుట్ట నుంచి చెరువు దాకా నలభై అడుగుల వెడల్పు దారి వదులుదామంటావు. మీ మూడెకరాల్లో గట్టు పక్క ఆ పట్టీ అమ్మరు, కంచె వెయ్యరు. మిగిలినది అమ్ముతారు. రిజిస్టరులో రాయాలి, నక్షా మీద గీయాలి.

ఎవరో వెనక నుంచి, "పందులకు రోడ్డు వేస్తాడంట!" నవ్వులు.

బ్రోకరు చెట్టు కింద నుంచే గొంతు పెంచుతాడు. "అట్లయితే రేటు అదే ఉండదప్పా. పార్టీని అడగాల."

"అడుగు," అంటాడు మీ అన్న. నీ వైపు చూడకుండానే. "పట్టీ పోగా మిగిలింది కొంటాడా, కొనడా అడుగు."

పీడీఓ పెన్ను తీసి సర్వే నంబరు రాసుకుంటున్నాడు. అప్పుడు మీ చిన్నాయన లేస్తాడు. మీ పొలానికీ చెరువుకూ నడుమ ఉన్నది ఆయన టమాటా.

"నిలు నిలు. వాళ్ళ భూమిలో నలభై అడుగులు వదిలితే అవి చెరువుకు పోతాయా? నా భూమి దాటాల కద. నా నంబరు రాయద్దు. నాకు ముందు ఎవరూ చెప్పలేదు."

పీడీఓ పెన్ను ఆపుతాడు. వరండాలో అందరూ నిన్నే చూస్తున్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. గుట్ట కాడ మొదలై నీ పొలంలో ఆగిపోయే పట్టీ దారి కాదు, సందు.

లేచి వెళ్ళి ఆయన పక్కన, గచ్చు మీద కూచుంటావు.

"చెప్పు చిన్నాయనా. నలభై అడుగులంటే నీకు ఎన్ని సాళ్ళు పోతాయి?"

ఆయన వేళ్ళు మడిచి లెక్క పెట్టడం మొదలుపెడతాడు. "సాళ్ళ మాట తర్వాత. ముందు డ్రిప్పు పైపులు యాడ తిప్పాలో అది చెప్పు."